తుండు కింద చెయ్యి

మా మండీలో బేరం నోటితో జరగదు. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా నిలబడి కుడిచేతులు కలుపుతారు. వాటి మీద తుండుగుడ్డ కప్పుతారు. ఇక మాట్లాడేది వేళ్ళే. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, అరచేయి మొత్తం పట్టుకుంటే ఐదు. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ఎవరికీ అంతు చిక్కదు. ఇష్టం లేనివాడు చెయ్యి వెనక్కి లాక్కుంటాడు, బేరం అక్కడితో సరి. కుదిరితే తుండు తీసేసి ఎదుటివాడి అరచేతిలో చెళ్ళుమని చరుస్తాం. ఆ చరుపు పడ్డాక ఎవరూ మాట తిప్పరు.

ఎదుటివాడు ఒప్పుకోకముందే తొందరపడి చరిస్తే దాన్ని తప్పుచరుపు అంటాం. దానికొక శిక్ష ఉంది. మర్నాడు తప్పు చేసినవాడే ఎదుటివాడి దగ్గరికి పోయి, తుండు కప్పిన చెయ్యి చాచి ఊరికే నిలబడాలి. ఏమీ అడగకూడదు. ఎదుటివాడికి మనసొచ్చి పట్టుకునేదాకా చెయ్యి తీయకూడదు. నా ఇరవై నాలుగో ఏట పాండూరు తణికాచలం నాయుడు దగ్గర నేనలా పొద్దుటి నుంచి దీపాలు పెట్టే వేళదాకా నిలబడ్డాను. ఆయన నా ముందే భోంచేశాడు, చుట్ట కాల్చాడు, కాసేపు నిద్ర కూడా పోయాడు.

తిరుత్తణిలో నలభై ఏళ్ళకు పైగా అరటి, మామిడి వ్యాపారం చేశాను. నా కుడిచేతి చూపుడువేలు ఇప్పుడు సగమే ఉంది. ఎలా పోయిందని అడిగినవాళ్ళకు బండి ఇరుసులో పడి నలిగిందని చెప్పుకొచ్చాను. అది నిజం కాదు.

ఎనభై ఒకటో సంవత్సరం మొదట్లో, ఉత్తరాన ఎక్కడో మూతబడిన సర్కసు నుంచి కోర్టువాళ్ళు విడిపించిన మూడు చింపాంజీలు మా ఊరికి లారీలో వచ్చాయి. తిరువళ్ళూరు రోడ్డులో ఊరికి రెండు మైళ్ళ అవతల ఒక మామిడితోపు ఉంది. మద్రాసు ట్రస్టు ఒకటి అక్కడ ఇనుపకమ్మీల కొట్టాలు కట్టి, కోతులాడించేవాళ్ళ దగ్గర నుంచి తెచ్చిన ముసలి కోతుల్ని సాకుతూ ఉండేది. వీటినీ అక్కడికే చేర్చారు. రోజూ చూసుకునేది వేలాయుధం. పళ్ళిపట్టు మనిషి, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాడు.

మద్రాసు చేరేలోపు చెడిపోయేటంత పండిన అరటిగెలలు నా దగ్గర రోజూ మిగిలేవి. తోపులో రోజూ పండ్లు కావాలి. నా మిగులూ వాళ్ళ తక్కువా సరిపోయాయి కాబట్టి పంపుతానన్నాను. జాలిపడి చేశానని ఎవరైనా అంటే అది వాళ్ళ మంచితనం.

మొదటిసారి గెలలతో నేనే బండి మీద వెళ్ళాను.

"ఏందన్నా ఇవి, కోతుల మాదిరి లేవే," అన్నాను.

"మనిదకురంగు అంటారు, మనిషికోతి. నీకంటే తెలివి ఎక్కువ," అన్నాడు వేలాయుధం.

"అయితే మండీకి పంపు. నేను ఇంట్లో పండుకుంటా."

"వస్తాయి, వస్తాయి. నీ మాదిరి కుళ్ళిన గెల పైన మంచి గెల పెట్టి అమ్మేది మాత్రం వాటికి చేతగాదు."

ఆ మూడింట్లో జాకీ అనేది పొద్దంతా గుండ్రంగా నడుస్తూ ఉండేది. సర్కసులో సైకిలు తొక్కిన వలయం ఎంతో, అంత మేరకే తిరిగేది. కొట్టం దానికి మూడింతలు ఉన్నా ఆ గీత దాటలేదు. రెండోది సోము. చప్పట్లు కొడితే తప్ప పండు ముట్టదు. వేలాయుధం పూటకోసారి దాని ముందు నిలబడి, కచేరీలో పాట విన్నవాడిలా చప్పట్లు కొట్టేవాడు.

మూడోది రోజీ, ఆడది. మనిషి కనబడితే లేచి నిలబడి, తల వెనక్కి విరిచి సలాం కొట్టేది. వెంటనే దెబ్బ పడుతుందని వీపు వంచేది. ఆ తర్వాతే పండుకు చెయ్యి చాచేది. సలాం, వంగడం, పండు. ఆ వరస దానికి ఎన్నేళ్ళు నూరిపోశారో, మధ్యలో ఏ ఒక్కటి తప్పినా పండు కింద పడేసి మూలకు పోయేది.

దాని మెడకు ఇనుపపట్టీ వేసి ఉంచారట. పట్టీ కోసి తీశారు గానీ దాని కింద పుండు మిగిలింది. నేను చూసేసరికి నా జానెడు పొడవుంది. పురుగు పట్టింది. సలాం కొట్టినప్పుడల్లా తల విరిచేది కాబట్టి కాస్త పొర కట్టినా చీలిపోయేది. వచ్చిన కొత్తలో నలుగురు వల వేసి పట్టుకొని మందు రాశారు. తర్వాత తొమ్మిది రోజులు అది ఏమీ తినలేదు.

పదిహేను రోజులకొకసారి మద్రాసు నుంచి నటరాజన్ అని ఒక డాక్టరు వచ్చేవాడు. ఆయన కమ్మీల ఇవతల నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇంకోసారి వల వేస్తే గుండె ఆగుతుంది. వేయకపోతే పుండు లోపలికి పోతుంది. దానంతట అది మెడ ఇవ్వాల. వేరే దారి లేదు," అన్నాడు తమిళంలో.

"ఎప్పుడిస్తుంది సార్?" అన్నాడు వేలాయుధం.

డాక్టరు సంచి సర్దుకొని కారెక్కాడు.

వేలాయుధం దాని దగ్గరికి చెయ్యి చాపి చూశాడు. చేతిలో కర్ర ఉన్నా లేకపోయినా ఆ చేతిని చూడగానే అది అరిచి మూలకు పోయేది. నెలన్నర అదే తంతు. ఆయన రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. "నా సర్వీసులో వెయ్యి పశువులకు మందేసినాను ధనకోటీ. ఏదీ నన్ను జూసి ఇట్ల ఏడవలే," అన్నాడు నాతో ఒకరోజు.

చిత్తిరై నెల చివర్లో, మే ఎండల్లో మామిడి బేరాలు ముమ్మరంగా ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం తణికాచలం నాయుడు నన్ను వెతుక్కుంటూ తోపుకే వచ్చేశాడు. డెబ్భై ఏళ్ళవాడైనా పాండూరు నుంచి బస్సులో ఒక్కడే వచ్చాడు.

"ఏం శెట్టీ, మండీలో జూస్తే లేవు. యాడికి పోయినాడంటే కోతుల కాడికి అంటారు. మనుషుల్ని ముంచడం అయిపోయిందా?"

"మీరింకా మిగిలినారు గదా నాయుడూ."

రోజీ కొట్టం ముందున్న అరుగు మీదే కూర్చున్నాం. ఆయన తన తోపు కాపు సంగతి ఎత్తాడు. చేతులు కలిపాం. నా తుండు కప్పాం. ఆయన రెండు వేళ్ళు పట్టుకున్నాడు, నేను ఒకటి వదిలించుకున్నాను, ఆయన మళ్ళీ పట్టుకున్నాడు. అలా ఎంతసేపు గడిచిందో తెలియదు. ఉన్నట్టుండి నాయుడి కళ్ళు నా భుజం పక్కనున్న కమ్మీల వైపు చూసి నిలిచిపోయాయి.

"శెట్టీ, కదలొద్దు," అన్నాడు మెల్లగా. "మన బేరానికి మూడో ఆసామి వచ్చింది."

మూల వదిలి రాని రోజీ కమ్మీల దగ్గర చతికిలబడి ఉంది. తుండు కొసను చూస్తోంది. చాలాసేపటికి కమ్మీల సందు నుంచి చెయ్యి బయటికి చాచి, తుండు అంచు కింద దూర్చింది. మా రెండు చేతుల మీద మూడో చెయ్యి పడింది. గరుకుగా, వేడిగా, మా చేతులకంటే పొడుగ్గా ఉంది. నా చిటికెన వేలు పట్టుకుంది.

"నీకు ఎంత జెప్తాంది?" అన్నాడు నాయుడు.

"ఒకటి."

"నాకంటే తక్కువకే ఇస్తాంది. దాని కాడనే కొనుక్కో, పో."

మనసుతో కాదు, వ్యాపారిగానే ఆలోచించాను. ఈ జంతువుకు కనిపించే చెయ్యి అంటే దెబ్బ. గుడ్డ కింద దాగిన చేతితో దానికి ఇంతవరకు ఏ లావాదేవీ లేదు. అంటే అక్కడ మంచీ చెడ్డా ఏమీ నమోదు కాలేదు. మొదలుపెట్టాలంటే అక్కడే మొదలుపెట్టాలి.

మర్నాటి నుంచి మండీ ముగియగానే తోపుకు పోయి ఆ అరుగు మీద కూర్చొని, కుడిచేతి మీద తుండు కప్పి కమ్మీల దగ్గర పెట్టేవాణ్ణి. మొదటి నాలుగు రోజులు అది చిటికెన వేలు తప్ప మరొకటి పట్టుకోలేదు. ఐదో రోజు రెండు వేళ్ళు. పది రోజులకు అరచెయ్యి. తర్వాత నేను తుండుతో సహా దాని మణికట్టు దాకా, మోచేతి దాకా పోయాను. తొందరపడితే అది చెయ్యి లాక్కునేది. ఆ రోజుకు బేరం ముగిసిందని నేను లేచి వచ్చేసేవాణ్ణి. వేలాయుధం గొణిగేవాడు.

"ఇంకొంచెం సేపు ఉంటే ఏం పోతుంది నీకు?"

"ఒద్దన్నాక నిలబడేది వ్యాపారం గాదన్నా. బిచ్చం."

రోజుకు రెండు వేళ్ళ వెడల్పు. నేను పోగలిగిన వేగం అంతే. భుజం చేరడానికి వైకాసి నెల కూడా అయిపోయింది. ఆని నెల మొదట్లో, జూన్ నడుమ తుండు దాని మెడ మీదికి చేరింది. అప్పుడు వేలాయుధం పక్కనే కూర్చొని, నా చెయ్యి వెంబడే తన చెయ్యీ తుండు కిందికి పంపి, మందులో ముంచిన దూదితో పుండు కడగడం మొదలుపెట్టాడు. రోజీ నా వేళ్ళు నలిగిపోయేటట్టు పట్టుకునేది. అరవలేదు. చెయ్యి లాక్కోలేదు.

ఇంటికి పోయేసరికి నేను అలసిపోయి ఉండేవాణ్ణి. రోజంతా మూటలు దింపించినా అంత అలసట లేదు. నా భార్య దేవసేన మజ్జిగన్నం ముందు పెట్టి, "మండీలో నలుగురు నవ్వుతాండారు. శెట్టికి కొత్త వియ్యం కుదిరిందంట," అనేది.

"కుదర్లే ఇంకా. బేరంలో ఉండా."

పుండు జానెడు నుంచి బెత్తెడుకు, బెత్తెడు నుంచి మూడు వేళ్ళకు దిగింది. ఆని నెల సగం దాటిన ఒకరోజు వేలాయుధం దూది పారేసి నిట్టూర్చాడు.

"ఒకటిన్నర వేలు ఉంది ధనకోటీ. ఇంక రెండు వారాలు తల విరవకుంటే మూసుకుంటుంది. ముగిసినట్టే."

ముగిసినట్టే అన్న మాట నా చెవిన పడింది. ఆ తర్వాత జరిగింది నేను ఆలోచించి చేసింది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మాట వినగానే ఏం చేస్తున్నదో నా చెయ్యి అదే చేసింది. ఎడమచేత్తో తుండు లాగేశాను, కుడిచేత్తో దాని అరచేతిలో చెళ్ళుమని చరిచాను.

ఆ చప్పుడు నాకు బేరం కుదిరిన చప్పుడు. దానికి కొరడా.

నా చేతిని నోట్లోకి లాక్కుంది. ఎముక విరగడం నేను విన్నాను, నొప్పి తర్వాత వచ్చింది. వెంటనే వదిలేసింది. పళ్ళకు నా నెత్తురుతో వెనక్కి జరిగి, లేచి నిలబడి, తల పూర్తిగా వెనక్కి విరిచి సలాం కొట్టింది. పుండు పొడుగునా చీలింది. తర్వాత వీపు వంచి, నేను కొడతానని ఎదురుచూసింది. నేను కొట్టకపోయేసరికి మళ్ళీ లేచి సలాం కొట్టింది. మళ్ళీ వంగింది. మేమక్కడున్నంతసేపూ అదే చేస్తూ ఉండింది.

"రా, రా, దాని ముందర్నుంచి రా," అని వేలాయుధం నన్ను లాక్కుపోయాడు. తన గుడ్డతోనే వేలికి కట్టు కట్టి తిరువళ్ళూరు బస్సెక్కించాడు. అక్కడ ఆసుపత్రిలో సగం వేలు తీసేశారు. కట్టుతో ఇల్లు చేరేసరికి దేవసేన కంచం ముందు పెట్టుకుంది. అన్నం కలిపి తినిపించింది. మూడు ముద్దలయ్యాక అడిగింది.

"దాన్ని కొట్టినారా?"

"చరిచినాను."

"ఎందుకు?"

"బేరం ముగిసిందనుకున్నా."

"అది ముగిసిందన్నదా?"

అనలేదు. వేలాయుధం అన్నాడు, నేను విన్నాను. ఎదుటి ఆసామి ఒప్పుకోకముందే చరిచాను. నా జీవితంలో రెండో తప్పుచరుపు. తణికాచలం నాయుడికైతే ఒక రోజు నిలబడితే సరిపోయింది.

ఆ మర్నాటి నుంచి రోజీ మూల వదలలేదు. పుండు మళ్ళీ నాలుగు వేళ్ళయింది. ఈగలు రాకుండా వేలాయుధం వేపాకు పొగ వేస్తూ కూర్చున్నాడు. ఆ శనివారం వచ్చిన డాక్టరు చూసి క్యాలెండరు అడిగాడు.

"ఆడికృత్తిక ఎప్పుడు?"

"ఇంక పదహైదు దినాలు సార్."

ఆయన రోడ్డు వైపు చూశాడు. మాకు అర్థమైంది. కృత్తిక కొండ మీది స్వామి పండగ; ఆ నాడు భక్తులు భుజాన మోసే కావళ్ళన్నీ ఆ రోడ్డు మీదే తిరుత్తణి కొండకు పోతాయి. తెల్లవారినప్పటి నుంచి పంబలు, డోళ్ళు మోగుతూనే ఉంటాయి. అంతకుముందు ఒక పెండ్లి ఊరేగింపు పోతేనే, ఆ డోలు విని రోజీ పదిసార్లు సలాం కొట్టింది. కృత్తిక నాడు అది ఎన్నిసార్లు కొడుతుందో ఎవరూ లెక్క చెప్పలేరు.

"అన్ని దెబ్బలకు ఆ మెడ తట్టుకోదు," అన్నాడు నటరాజన్. "అంతకుముందే మందు పడాల, ఆ రోజు తల కదలకుండా ఉండాల."

"కట్టేస్తే?" అన్నాను.

"కట్టేసే కదా ఇంతదాకా తెచ్చినారు."

చేసేది ఒక్కటే ఉంది. మర్నాడు కట్టుతో ఉన్న కుడిచేతి మీద తుండు కప్పి, కమ్మీల దగ్గర చాచి కూర్చున్నాను. పిలవలేదు, పండు చూపించలేదు. అది మూల నుంచి నన్ను చూసి సలాం కొట్టబోయింది. నేను తల దించుకున్నాను. చూసేవాడు లేకపోతే సలాం సగంలోనే ఆగుతుందని ఆ రోజు తెలిసింది.

పొద్దు గూకేదాకా కూర్చున్నాను. రెండో రోజూ కూర్చున్నాను. కట్టు కింద వేలు సలుపుతుండేది. మండీని దేవసేనే చూసుకుంది. నాలుగో రోజు తణికాచలం నాయుడు వచ్చి పక్కన కూర్చున్నాడు, చుట్ట తీశాడు గానీ వెలిగించలేదు.

"నా కాడ ఒక దినం నిలబెట్టినానని ఊరంతా తిట్టినావు గదా శెట్టీ."

"మీరు నిద్ర పోయినారు నాయుడూ. ఇది పోవడంలే. అంతే తేడా."

"నేను ఆ దినం నిద్ర పోలేదప్పా," అన్నాడాయన. "కండ్లు మూసుకొని చూస్తాంటిని, చెయ్యి తీస్తావేమో అని."

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నాకే కునుకు పట్టింది. తుండు కదలడంతో మెలకువ వచ్చింది. కళ్ళు తెరవలేదు. గరుకు వేళ్ళు నా చిటికెన వేలు పట్టుకున్నాయి. తర్వాత ఉంగరం వేలు. నడిమి వేలు. ఆ తర్వాత కట్టు దగ్గర ఆగాయి. అక్కడ ఉండాల్సిన వేలు కోసం కట్టు చుట్టూ తడిమాయి. మళ్ళీ చిటికెన వేలు నుంచి మొదలుపెట్టాయి. మళ్ళీ అక్కడే ఆగాయి. మండీలో ఎంతోమంది నా వేళ్ళు లెక్కపెట్టారు గానీ, ఒకటి తక్కువైందని మళ్ళీ మళ్ళీ చూసుకున్నవాళ్ళు లేరు.

ఓరకంట చూస్తే వేలాయుధం కొట్టం వెనక నుంచి దూది గిన్నెతో పాక్కుంటూ వస్తున్నాడు. అరవై ఏళ్ళ మనిషి. మొహం తడిగా ఉంది, ఏడుపో చెమటో నాకు తెలియలేదు.

కృత్తికకు ఇంకా ఆరు రోజులున్నాయి. ఆరు రోజులూ మందు పడింది. పుండు రెండు వేళ్ళకు దిగింది, పొర పలచగా కట్టింది.

కృత్తిక మా ఊరి పండ్ల వ్యాపారికి ఏడాదికొక్క రోజు. కొండ కింద ఆ ఒక్క రోజు జరిగే అమ్మకం కోసం మూడు నెలల ముందు నుంచి గెలలు మాట్లాడుకుంటాం. ముప్పై ఏళ్ళలో ఆ రోజు నేను అంగట్లో లేకపోవడం అనేది లేదు. తెల్లవారుజామున స్నానం చేసి తుండు భుజాన వేసుకొని రోడ్డున పడ్డాను.

"అంగడి ఇట్ల కదా," అంది దేవసేన వాకిట్లో నిలబడి.

"నువ్వు చూసుకో. గెలల పైన మంచి పండ్లు పెట్టు."

"పండగనాడు గూడానా?" అంటూ తాళంచెవులు కొంగున కట్టుకుంది.

నేను పోయేసరికి మొదటి కావడి ఇంకా దూరంగానే ఉంది. రోజీ నా చెయ్యి అందుకొని కూర్చుంది. పంబ చప్పుడు దగ్గరయ్యేకొద్దీ దాని ఒళ్ళు బిగిసింది. పక్క కొట్టంలో జాకీ వేగంగా తిరగడం మొదలుపెట్టింది. రోడ్డు మీద "అరోగరా" అని భక్తుల కేకలు లేచాయి. రోజీ లేచింది. సలాం కొట్టాలంటే కుడిచెయ్యి కావాలి. ఆ చెయ్యి తుండు కింద నా చేతిలో ఉంది.

నేను గట్టిగా పట్టుకోలేదు. పట్టుకుంటే అది కట్టెయ్యడమే. వేళ్ళు వదులుగా ఉంచాను. అది లాక్కోవాలనుకుంటే లాక్కోవచ్చు. లాక్కుంటే బేరం చచ్చినట్టు. అది నా మొహం చూసింది, రోడ్డు వైపు చూసింది. తల సగం వెనక్కి పోయింది. అక్కడ ఆగింది. తర్వాత మెల్లగా కూర్చొని నా మూడు వేళ్ళూ కలిపి పట్టుకుంది.

ఒక కావడి పోతే ఇంకొకటి. పసుపు గుడ్డల జనం తెంపు లేకుండా పోతూనే ఉన్నారు. ప్రతి పంబకూ అది లేచేది, ప్రతిసారీ ఆగేది, కూర్చునేది. పదిదాకా లెక్కపెట్టాను, తర్వాత వదిలేశాను. నా భుజం మొద్దుబారింది. వేలాయుధం నాకు రెండుసార్లు నీళ్ళు తాగించాడు. నేను మూత్రానికి కూడా లేవలేదు. మధ్యాహ్నం దాటాక ఒక్కసారి మాత్రం అది ఎడమచేత్తో సలాం కొట్టబోయింది. చెయ్యి ఎలా ఎత్తాలో తెలియక ముక్కు మీదే ఆపుకుంది. వేలాయుధం నవ్వాపుకోలేక కొట్టం వెనక్కి పోయాడు.

పొద్దు వాలాక డోళ్ళు పలచబడ్డాయి. చివరి కావడి ఊరివైపు మలుపు తిరిగింది. రోజీ ఇంకా కాసేపు విని, తనంతట తానే చెయ్యి వెనక్కి తీసుకుంది. పండు అందుకొని, సలాం లేకుండా, వంగకుండా తినడం మొదలుపెట్టింది.

నేను చరచలేదు. చెయ్యి ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను.

వేలాయుధం వంగి కమ్మీల సందులోంచి దాని మెడ చూశాడు.

"చీలలేదు," అన్నాడు. "పొర అట్లనే ఉంది."

"సరి."

"పొద్దన్నుంచి ఏమీ తినలేదు నువ్వు. ఆ గెలలో ఒక పండు తీసుకో."

"అవి నేను పంపిన పండ్లన్నా. ఎట్ల ఉంటాయో నాకు తెలుసు."

"రేపు వస్తావా?"

"మండీ అయినాంక వస్తా," అని లేచాను. కాళ్ళు తిమ్మిరి పట్టి ఒక్క అడుగు పడలేదు. వేలాయుధం భుజం పట్టుకొని రోడ్డు దాకా వచ్చి, కొండ దిగి తిరిగిపోతున్న జనానికి ఎదురుగా ఊళ్ళోకి నడిచాను.